ఎఫ్ఎఫ్ఎంపెగ్ నడుస్తున్నంతసేపూ విండో బిగుసుకుపోకూడదంటే

మీరు అడిగింది ఇదీ. నరసన్నపేటలో మీ స్టూడియో కోసం పైథాన్, టీకింటర్‌తో ఒక చిన్న విండో రాసుకున్నారు. పెళ్లి వీడియో ఫైలు ఎంచుకుని "మార్చు" నొక్కితే వెనకాల ఎఫ్ఎఫ్ఎంపెగ్ నడిచి దాన్ని చిన్న ఎంపీ4గా చేస్తుంది. పని అవుతోంది గానీ, నొక్కిన దగ్గర్నుంచి అయ్యేదాకా విండో తెల్లబారి "నాట్ రెస్పాండింగ్" అంటోంది. ప్రోగ్రెస్ బార్ కదలదు, "ఆపు" బటన్ పలకదు. కుర్రాళ్లు పాడైపోయిందనుకుని టాస్క్ మేనేజర్‌లో చంపేస్తున్నారు. మధ్యమధ్యలో అప్‌డేట్ (వరసలో ఉన్న క్లిక్కుల్ని, గీతల్ని అప్పటికప్పుడు తీర్చే టీకింటర్ ఫంక్షన్) పిలిచి చూస్తే ఒకే ఫైలు రెండుసార్లు మొదలవుతోంది.

సమాధానం ముందే చెప్పేస్తాను. సబ్‌ప్రాసెస్.రన్ (వేరే ప్రోగ్రాంని నడిపి, అది ముగిసేదాకా ఆగే పైథాన్ ఫంక్షన్) తీసేయండి. బటన్ ఫంక్షన్ ఒక థ్రెడ్‌ని (అదే ప్రోగ్రాంలో పక్కన విడిగా నడిచే పనిని) మొదలుపెట్టి వెంటనే తిరిగి వచ్చేయాలి. ఆ థ్రెడ్ పోపెన్‌తో (ప్రోగ్రాంని మొదలుపెట్టి, ముగిసేదాకా ఆగకుండా తిరిగొచ్చేది) ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని నడిపి, అది చెప్పే ప్రతి లైనూ చదివి ఒక క్యూలో వేయాలి. విండో వైపు, ఆఫ్టర్ పద్ధతితో 100 మిల్లీసెకన్లకోసారి ఆ క్యూ చూసి బార్ కదపాలి. విండో నడిచే థ్రెడ్ ఎక్కడా, దేనికోసమూ ఎదురుచూడకూడదు. మిగతాదంతా ఈ ఒక్క నియమం తప్పకుండా ఉండటానికి చేసే ఏర్పాటే.

(ఫంక్షన్లు, ఆప్షన్ల పేర్లు తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అసలు స్పెల్లింగే వాడండి.)

ఎందుకు బిగుసుకుపోతోంది

టీకింటర్ అయినా, క్యూట్ అయినా, విండోస్ ఫారమ్స్ అయినా లోపల ఒకటే ఏర్పాటు. మౌస్ కదలిక, క్లిక్కు, "ఈ భాగం మళ్లీ గియ్యి" అన్న కబురు, అన్నీ ఒక వరసలోకి వస్తాయి. వాటిని ఒక్కొక్కటే తీసి పనిచేసేది ఒకే ఒక్క థ్రెడ్. శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో ఎంక్వైరీ కౌంటర్ దగ్గర ఉన్న ఒక్క మనిషీ "పలాస బస్సు వచ్చిందేమో చూసొస్తాను" అని లేచి వెళ్లి ప్లాట్‌ఫారం మీద నిలబడితే వెనక క్యూ ఏమవుతుందో, సబ్‌ప్రాసెస్.రన్ పిలిచినప్పుడు మీ విండోకి అదే అవుతుంది. ఆ ఫంక్షన్ ఎఫ్ఎఫ్ఎంపెగ్ ముగిసేదాకా తిరిగి రాదు. ప్రాసెసర్ మీద భారం పడి విండో ఆగిపోయిందని చాలామంది అనుకుంటారు, కానీ ఊరికే నిద్రపోయే ప్రోగ్రాం కోసం ఎదురుచూసినా ఇలాగే ఆగుతుంది.

విండోస్ అయితే ఒక విండో 5 సెకన్ల పాటు తన వరసలోని కబుర్లు తీసుకోకపోతే దాన్ని చచ్చినట్టు లెక్కేసి, దాని స్థానంలో తనే ఒక నకిలీ విండో పెడుతుంది. మీకు కనిపించే తెల్లబారిన విండో అదే. దాన్ని జరపొచ్చు, మూయొచ్చు, కానీ లోపలి బటన్లు మీవి కావు. ఆ 5 సెకన్లలోపు కంగారుగా నొక్కిన క్లిక్కులు మాత్రం వరసలో కూర్చునే ఉంటాయి. పని ముగిశాక అవన్నీ ఒక్కసారిగా పేలి "మార్చు" మళ్లీ మొదలవుతుంది.

అప్‌డేట్ ఎందుకు పనికిరాదు

లూపులో అప్‌డేట్ పిలవడమంటే, ఒక బటన్ ఫంక్షన్ ఇంకా పూర్తవకుండానే దాని మధ్యలోంచి మరో బటన్ ఫంక్షన్‌కి దారి తెరవడం. కుర్రాడు మళ్లీ "మార్చు" నొక్కితే మొదటి ఫంక్షన్ కడుపులోనే రెండోది మొదలవుతుంది. రెండు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లు ఒకే అవుట్‌పుట్ ఫైలు మీద రాస్తాయి. మీరు చూసింది అదే. మధ్యలో విండో మూసేస్తే, లేని బార్‌ని కదపబోయి ఎర్రర్‌తో పడిపోతుంది. పైగా లోపల రీడ్‌లైన్ ఉంటే తర్వాతి లైను వచ్చేదాకా ఎలాగూ ఆగే ఉంటుంది. బటన్ నొక్కగానే దాన్ని డిజేబుల్ చేయడం ఏ పద్ధతిలోనైనా తప్పనిసరి, కానీ అప్‌డేట్‌ని దానితో సరిదిద్దుకోవాలని చూడకండి. తీసేయండి.

ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి ఇవ్వాల్సినవి

ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా తన ముచ్చటంతా స్టడ్‌ఎర్ర్ (తప్పులు, కబుర్లు బయటికొచ్చే దారి) మీద చెబుతుంది. ఫ్రేము, టైము చూపించే లైనును లైను చివరి గుర్తు లేకుండా, కర్సర్‌ని మొదటికి తెచ్చి దాని మీదే మళ్లీ రాస్తుంది. దాన్ని చదివి విడదీయడం అనవసరపు తలనొప్పి. దానికి బదులు ఈ మూడూ ఇవ్వండి:

-ప్రోగ్రెస్ పైప్:1 ఇస్తే ప్రగతి వివరం స్టడ్‌అవుట్ (మామూలు అవుట్‌పుట్ వచ్చే దారి) మీద, లైనుకొక పేరు=విలువగా వస్తుంది. ఏమీ మార్చకపోతే అరసెకనుకోసారి ఒక దండు లైన్లు వస్తాయి. ప్రతి దండు చివర ప్రోగ్రెస్=కంటిన్యూ, అన్నిటికన్నా చివర ప్రోగ్రెస్=ఎండ్ ఉంటుంది.

-నోస్టాట్స్, దానితోపాటు -లాగ్‌లెవెల్ ఎర్రర్. స్టడ్‌ఎర్ర్ మీద నిజమైన తప్పులు మాత్రమే మిగులుతాయి.

-వై. అవుట్‌పుట్ ఫైలు ముందే ఉంటే "దీని మీద రాయమంటారా" అని అడక్కుండా రాసేస్తుంది. ఇది లేకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఎవరికీ కనబడని ప్రశ్న అడిగి, రాని జవాబు కోసం అలా కూర్చుంటుంది. "బార్ సున్నా దగ్గరే ఆగిపోయింది" అన్నచోట ముందు చూడాల్సింది ఇదే.

శాతం లెక్కకి మొత్తం నిడివి కావాలి. ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌ని (ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో పాటే వచ్చే, ఫైలు వివరాలు చెప్పే ప్రోగ్రాం) -షో_ఎంట్రీస్ ఫార్మాట్=డ్యూరేషన్‌తో ముందు నడిపితే సెకన్లలో ఇస్తుంది. వచ్చే లైన్లలో ఔట్_టైమ్_యూఎస్ మైక్రోసెకన్లలో ఉంటుంది. ఔట్_టైమ్_ఎంఎస్ అని ఇంకొకటి కూడా కనిపిస్తుంది. పేరు మిల్లీసెకన్లలా ఉన్నా అందులో వచ్చేదీ మైక్రోసెకన్లే, పేరు చూసి 1000తో భాగించకండి. ఉదాహరణకి 2 గంటల 10 నిమిషాల వీడియో అంటే 7,800 సెకన్లు. ఔట్_టైమ్_యూఎస్=1950000000 వస్తే 1,950 సెకన్లు అయినట్టు, అంటే 25 శాతం. అదే దండులో స్పీడ్=2.6ఎక్స్ ఉంటే మిగిలిన 5,850 సెకన్ల వీడియోకి 5850 / 2.6 = 2,250 సెకన్లు, ముప్పావు గంటకి కాస్త తక్కువ. కుర్రాళ్లకి శాతం కన్నా ఈ "ఇంకా 37 నిమిషాలు" అన్నదే పనికొస్తుంది. మొదటి ఒకటి రెండు దండుల్లో అంకెకి బదులు ఎన్/ఏ రావచ్చు. నేరుగా ఇంట్‌గా మార్చబోతే అక్కడే థ్రెడ్ పడిపోతుంది, అందుకని అంకె కాకపోతే వదిలేయమని రాయండి.

కమాండ్‌ని ఒక పొడుగాటి స్ట్రింగ్‌గా కాకుండా లిస్టుగా ఇవ్వండి. "రిసెప్షన్ పార్ట్ 2" లాగా మధ్యలో ఖాళీలున్న పేర్లకి కోట్స్ గొడవ ఉండదు. షెల్=ట్రూ వద్దు, ఎందుకో ఆపే దగ్గర చెబుతాను.

పైపు నిండిపోవడం: కొత్తవాళ్లు ఎక్కువగా ఇరుక్కునే చోటు

రన్ మానేసి పోపెన్ పెట్టి, స్టడ్‌అవుట్, స్టడ్‌ఎర్ర్ రెండిటికీ పైప్ ఇచ్చి, ఒకదాన్నే చదువుతారు. లేదా రెండూ చదవకుండా పోల్ (ఇంకా నడుస్తోందా అని అడిగేది) మాత్రం చూస్తుంటారు. చిన్న ఫైలుకి బాగానే నడుస్తుంది, పెద్ద ఫైలు సగంలో ఆగిపోతుంది. ఒక ప్రోగ్రాం రాసింది ఇంకొకటి చదివే ఈ పైపుకి ఒక పరిమితి ఉంటుంది. లైనక్స్‌లో మామూలుగా 65,536 బైట్లు, విండోస్‌లో ఇంకా చాలా తక్కువ. చదివేవాడు లేక అది నిండితే, రాసే ప్రోగ్రాం తర్వాతి అక్షరం రాయబోయి అక్కడే ఆగిపోతుంది. అది మీ కోసం, మీరు దాని కోసం చూస్తూ ఉండిపోతారు. తప్పుగా కనిపించేది ఏదీ ఉండదు, ప్రాసెసర్ వాడకం సున్నా, ఎర్రర్ లేదు. పైప్ పెట్టి వెయిట్ పిలిస్తే ఇలా ఇరుక్కుంటారని పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది.

అందుకే నేను చెప్పేది: స్టడ్‌అవుట్‌కి మాత్రం పైప్, స్టడ్‌ఎర్ర్‌కి మామూలు ఫైలు. ప్రతి పనికీ ఒక లాగ్ ఫైలు తెరిచి దాన్నే స్టడ్‌ఎర్ర్‌గా ఇవ్వండి. ఫైలు నిండిపోవడమంటూ ఉండదు, ఒక్క చదివే థ్రెడ్ చాలు. రిటర్న్ కోడ్ (ప్రోగ్రాం ముగుస్తూ ఇచ్చే అంకె, 0 అంటే బాగా ముగిసినట్టు) 0 కాకపోతే ఆ ఫైలులో చివరి పది లైన్లు విండోలో చూపించండి. "డిస్కులో చోటు లేదు" లాంటి అసలు కారణం అక్కడే ఉంటుంది.

స్టడ్‌ఎర్ర్‌ని స్టడ్‌అవుట్‌లోనే కలిపేసేవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. టెక్స్ట్=ట్రూ మాత్రమే ఇస్తే విండోస్‌లో పైథాన్ చాలావరకు పాత 1252 ఎన్‌కోడింగ్‌తో చదువుతుంది. ఎర్రర్ లైనులో తెలుగు ఫైలు పేరు వస్తే డీకోడ్ ఎర్రర్‌తో చదివే థ్రెడ్ చచ్చిపోతుంది, పైపు నిండుతుంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆగుతుంది. బయటికి మాత్రం "ఒక పెళ్లి ఫైలుకే ఇలా అవుతోంది" అని కనిపిస్తుంది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, ఎర్రర్స్ రీప్లేస్ అని రెండూ రాయండి.

చదివే థ్రెడ్

ఇందులో ఉండాల్సింది వరసగా: ఎఫ్ఎఫ్‌ప్రోబ్ నడపడం, పోపెన్, స్టడ్‌అవుట్ మీద లూపు, లూపు ముగిశాక వెయిట్, చివరికి రిటర్న్ కోడ్‌ని క్యూలో వేయడం. వెయిట్ ఇక్కడ పిలిస్తే తప్పేమీ లేదు, ఎదురుచూడటమే ఈ థ్రెడ్ ఉద్యోగం. పైథాన్‌లో జిఐఎల్ (ఒకసారికి ఒక్క థ్రెడ్‌నే నడవనిచ్చే తాళం) ఉంది కదా, థ్రెడ్ పెడితే విండో ఆగదా అని కొందరు అడుగుతారు. పైపు మీద చదవడానికి ఆగినంతసేపూ ఆ తాళం వదిలేసే ఉంటుంది, ఇబ్బంది లేదు.

ఎఫ్ఎఫ్‌ప్రోబ్‌ని కూడా థ్రెడ్‌లోనే పెట్టమన్నాను, గమనించండి. అదీ వేరే ప్రోగ్రామే. "అరసెకనులో అయిపోతుంది" అని బటన్ ఫంక్షన్‌లో వదిలేస్తారు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నిద్రలో ఉంటే అది తిరగడం మొదలవడానికే కొన్ని సెకన్లు పడుతుంది, ఆ కాసేపూ విండో ఆగుతుంది. ఫైలు సైజు అడగడం, ఫోల్డర్‌లో ఫైళ్ల జాబితా తీయడం కూడా అలాంటి డిస్కు మీద ఇంతే.

ఈ థ్రెడ్‌లోంచి విండోలోని దేన్నీ ముట్టుకోకండి. లేబుల్ మార్చడం, బార్ కదపడం, మెసేజ్ బాక్స్ చూపించడం, ఏదీ వద్దు. ఒక్కోసారి పనిచేసినట్టే ఉంటుంది, ఒక్కోసారి "మెయిన్ థ్రెడ్ ఈజ్ నాట్ ఇన్ మెయిన్ లూప్" అంటుంది, ఒక్కోసారి ఏమీ చెప్పకుండా వేలాడుతుంది. క్యూలో వేయడమే దాని పని. పోపెన్ దగ్గర ఎఫ్ఎఫ్ఎంపెగ్ దొరక్కపోతే వచ్చే ఎర్రర్‌ని కూడా పట్టుకుని క్యూలోనే వేయండి.

విండో వైపు చూసే ఫంక్షన్

ఇది చిన్నదే గానీ మూడు చోట్ల తప్పు జరుగుతుంది.

ఒకటి, ఆఫ్టర్‌కి ఫంక్షన్ పేరు మాత్రమే ఇవ్వాలి. పేరు పక్కన బ్రాకెట్లు పెడితే 100 మిల్లీసెకన్లు ఆగకుండా అక్కడికక్కడే పిలుస్తుంది, అది మళ్లీ మళ్లీ తననే పిలుచుకుంటూ పోయి, పైథాన్ హద్దు దాటగానే రికర్షన్ ఎర్రర్‌తో పడిపోతుంది.

రెండు, ఈ ఫంక్షన్ తనను తాను మళ్లీ ఆఫ్టర్‌లో పెట్టుకునే లైను చివర్లో ఉండి, మధ్యలో ఏదైనా ఎర్రర్ వస్తే ఆ లైను దాకా రానే రాదు. బార్ ఎక్కడిదక్కడ నిలిచిపోతుంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. పైథాన్‌డబ్ల్యూతో (కన్సోల్ లేకుండా నడిచే పైథాన్) నడిపితే ఆ ఎర్రర్ ఎక్కడా కనిపించదు కూడా. ట్రై, ఫైనలీ పెట్టి ఆ లైనును ఫైనలీలో ఉంచండి.

మూడు, క్యూలో ఉన్నవన్నీ గెట్_నోవెయిట్‌తో తీయాలి, మామూలు గెట్ వద్దు. గెట్ అంటే మళ్లీ ఎదురుచూపే. తీసిన ప్రతిదానికీ బార్ కదపకుండా, చివరి శాతం ఒక్కటే గీయండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అరసెకనుకోసారే చెబుతుంది కాబట్టి మీకు సమస్య రాదు. సెకనుకి వేల లైన్లు కక్కే ప్రోగ్రాముల విషయంలో అయితే ఒక్క విడతకి 200 లైన్లు మించకుండా హద్దు పెట్టండి. లేకపోతే క్యూ ఖాళీ చేయడంలోనే విండో మునిగిపోతుంది. లాగ్ చూపించే టెక్స్ట్ పెట్టెలో కూడా చివరి వెయ్యి లైన్లు ఉంచి పాతవి తుడిచేయాలి.

100 మిల్లీసెకన్లే ఎందుకంటే, 0.1 సెకను లోపు స్పందిస్తే మనిషికి వెంటనే జరిగినట్టే అనిపిస్తుందని జేకబ్ నీల్సన్ 1993లో రాసిన పరిమితి ఇప్పటికీ నిలబడింది. 10 మిల్లీసెకన్లు పెట్టినా మీకు కలిసొచ్చేది లేదు.

ఆపడం

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, డబ్బు నష్టమయ్యేది ఇక్కడే. గంటసేపు మార్చిన ఎంపీ4ని మధ్యలో టాస్క్ మేనేజర్‌తో చంపితే ఆ ఫైలు తెరుచుకోదు. ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే మూవ్ అనే పట్టికని ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా చివర్లో రాస్తుంది. అది రాయకముందే పోతే లోపల బొమ్మలున్నా ప్లేయర్‌కి దారి తెలియదు. విండోస్‌లో పైథాన్ టెర్మినేట్, కిల్ రెండూ ఒకటే, రెండూ నిలువునా చంపేవే. లైనక్స్‌లో టెర్మినేట్ అయితే ఎఫ్ఎఫ్ఎంపెగ్ సర్దుకుని ముగిస్తుంది.

విండోస్‌లో మర్యాదగా ఆపాలంటే పోపెన్‌లో స్టడ్‌ఇన్‌కి (ప్రోగ్రాంకి కీబోర్డు అక్షరాలు వెళ్లే దారి) పైప్ ఇచ్చి, "ఆపు" నొక్కినప్పుడు క్విట్ మాటలోని మొదటి అక్షరం, చిన్న అక్షరంగా, దానిలో రాసి ఫ్లష్ చేయండి. టెర్మినల్‌లో ఎఫ్ఎఫ్ఎంపెగ్‌ని కీబోర్డుతో ఆపే పద్ధతి ఇదే. అప్పటిదాకా చేసినదానికి పట్టిక రాసి ముగిస్తుంది. -నోస్టడ్‌ఇన్ ఆప్షన్ ఇచ్చి ఉంటే ఇది పనిచేయదు, రెండూ కలపకండి. అప్పటికే అది ముగిసిపోయి ఉంటే రాయబోయినప్పుడు ఎర్రర్ వస్తుంది, దాన్ని పట్టుకుని వదిలేయండి.

రాశాక వెయిట్ పిలవకండి, విండో థ్రెడ్‌లో ఉన్నారు. "ఆపుతున్నాం..." అని లేబుల్ మార్చి, ఆఫ్టర్‌తో 10 సెకన్ల తర్వాత పోల్ చూడండి. అప్పటికీ నన్ వస్తుంటే, అంటే ఇంకా నడుస్తుంటే, టెర్మినేట్ చేయండి. ఇలా ఆపినా రిటర్న్ కోడ్ 0 రావచ్చు, కాబట్టి "పూర్తయింది" అని చూపించే ముందు, ఆపమన్నది మనమేనా అన్న గుర్తు ఒక వేరియబుల్‌లో పెట్టుకుని చూసుకోవాలి.

షెల్=ట్రూ వద్దన్నది ఇందుకే. అప్పుడు మీ చేతిలో ఉండేది సీఎండీ ప్రాసెస్, ఎఫ్ఎఫ్ఎంపెగ్ దాని పిల్ల. టెర్మినేట్ చేస్తే సీఎండీ పోతుంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ తన మానాన తాను నడుస్తూ ఫైలుని పట్టుకునే ఉంటుంది.

విండో ఇంటూ గుర్తుతో మూసినా ఇదే దారి. డబ్ల్యూఎం_డిలీట్_విండో ప్రోటోకాల్‌కి మీ ఫంక్షన్ కట్టి, పని నడుస్తుంటే అడిగి, ఆపమని కబురు పంపి, విండోని దాచి, ముగిసిందని క్యూలో వచ్చాకే డిస్ట్రాయ్ చేయండి. తల్లి ప్రాసెస్ పోతే పిల్ల దానంతటదే పోతుందనుకోవద్దు, విండోస్‌లో అలా జరగదు.

కరెంటు సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. నేరుగా అసలు పేరుతో రాయకండి. "పేరు.పార్ట్.ఎంపీ4" అని రాసి, రిటర్న్ కోడ్ 0 వచ్చి, ఆపమన్నది మనం కాదని ఆ గుర్తులో చూసుకున్నాకే ఓఎస్.రీప్లేస్‌తో అసలు పేరు పెట్టండి. అప్పుడు ఫోల్డర్‌లో మామూలు పేరుతో ఉన్న ఫైలు తప్పకుండా పూర్తయినదే, కస్టమర్‌కి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించేవాడికి అనుమానం ఉండదు. చివరి ఎక్స్‌టెన్షన్ ఎంపీ4గానే ఉంచండి. ఊరికే .పార్ట్ అని ముగిస్తే ఏ ఫార్మాట్‌లో రాయాలో తెలియక ఎఫ్ఎఫ్ఎంపెగ్ మొదట్లోనే మొరాయిస్తుంది. రెండు పేర్లూ ఒకే డ్రైవులో ఉండాలి. అరసవల్లి రథసప్తమి, విజయనగరం సిరిమానోత్సవం లాంటి పొడుగాటి రికార్డింగులకి ముందు ఎంకేవీగా రాయడం నాకు నచ్చిన పద్ధతి. మధ్యలో తెగినా అక్కడిదాకా ఆడుతుంది. తర్వాత -సీ కాపీతో ఎంపీ4లోకి మార్చుకోవడానికి మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు.

విండో బాగానే ఉంది, కంప్యూటరే నత్తలా ఉంది అంటే

అది వేరే జబ్బు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ దొరికిన కోర్లన్నీ వాడుకుంటుంది, మీ విండోకి వంతు ఆలస్యంగా వస్తుంది. పోపెన్‌లో క్రియేషన్‌ఫ్లాగ్స్‌కి బిలో_నార్మల్_ప్రయారిటీ_క్లాస్ ఇవ్వండి. ఖాళీగా ఉన్నప్పుడు ఎఫ్ఎఫ్ఎంపెగ్ వేగం దాదాపు తగ్గదు, పక్కన ఫొటోషాప్ తెరిచినప్పుడు దారి ఇస్తుంది. అదే చోట క్రియేట్_నో_విండో కూడా కలపండి, నల్ల కన్సోల్ పెట్టె పైకి రాదు. ఈ రెండు పేర్లూ పైథాన్ 3.7 నుంచి సబ్‌ప్రాసెస్‌లోనే ఉన్నాయి. ఆ నల్ల పెట్టెని కుర్రాళ్లు మూసేస్తే ఎఫ్ఎఫ్ఎంపెగ్ కూడా పోతుంది కాబట్టి ఇది అందం కోసం మాత్రమే కాదు.

పైఇన్‌స్టాలర్‌తో (పైథాన్ ప్రోగ్రాంని ఈఎక్స్‌ఈగా మార్చేది) కన్సోల్ లేని ఈఎక్స్‌ఈ చేశాక ఎఫ్ఎఫ్‌ప్రోబ్ దగ్గర "హ్యాండిల్ ఈజ్ ఇన్‌వాలిడ్" వస్తే, దానికి స్టడ్‌ఇన్‌గా డెవ్‌నల్ ఇవ్వండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌కి ఎలాగూ పైప్ ఇచ్చాం.

ముగింపు లేని ప్రోగ్రాం అయితే: వేబ్రిడ్జి

రాజాం, బొబ్బిలి వైపు రైస్ మిల్లుల వాళ్లు ఇదే ప్రశ్న ఇంకో రూపంలో అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెబుతున్నాను. వేబ్రిడ్జి (లారీలు తూచే కాటా) ఇండికేటర్ నుంచి బరువు చదివి లైనుగా చెప్పే ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, అది రోజంతా నడుస్తుంది. పైన చెప్పిన థ్రెడ్, క్యూ పెట్టాక విండో ఆగదు, కానీ బరువు ఆలస్యంగా, గుత్తులుగా వస్తుంది.

తప్పు మీ వైపు లేదు. చాలా ప్రోగ్రాములు టెర్మినల్ మీదకి రాసేటప్పుడు లైను లైనుగా పంపి, పైపులోకి రాసేటప్పుడు మాత్రం 4096 బైట్లు పోగయ్యాకే ఒక్కసారి పంపుతాయి. లైనుకి 10 బైట్లు, సెకనుకి 5 లైన్లు అనుకోండి. 4096 బైట్లు పోగవడానికి 80 సెకన్లు దాటుతుంది. ఈలోగా లారీ దిగిపోయి ఇంకో లారీ ఎక్కి ఉంటుంది. ఆ ప్రోగ్రాం పైథాన్‌దే అయితే -యూ ఆప్షన్‌తో నడిపితే చాలు. సీలో రాసినది, సోర్సు చేతిలో ఉంటే ప్రతి లైను తర్వాత ఎఫ్‌ఫ్లష్ పెట్టించండి. లైనక్స్‌లో స్టడ్‌బఫ్ -ఓఎల్ చాలాసార్లు సరిపోతుంది. ఏదీ కుదరకపోతే ఆ ప్రోగ్రాం మానేసి, పైసీరియల్‌తో (సీరియల్ పోర్టు చదివే పైథాన్ లైబ్రరీ) పోర్టుని మీరే ఒక థ్రెడ్‌లో, టైమవుట్ 1 సెకను పెట్టి చదవడం మేలు. ఇండికేటర్ పంపే లైను తీరు, బాడ్ రేటు దాని మాన్యువల్‌లో ఉంటాయి.

ఇలాంటి విండోలో అన్నిటికన్నా ముఖ్యమైనది వేరే ఉంది. పాత బరువు తెర మీద కొత్తదానిలా నిలబడకూడదు. చివరి లైను వచ్చిన సమయం గుర్తుపెట్టుకోండి. 3 సెకన్లుగా ఏమీ రాకపోతే అంకెని బూడిద రంగులోకి మార్చి, "తూకం నమోదు" బటన్ డిజేబుల్ చేయండి. కేబుల్ ఊడినప్పుడు పాత లారీ బరువు కొత్త బిల్లులో పడితే ఆ నష్టం రైతుదో మిల్లుదో అవుతుంది.

వేరే టూల్‌కిట్‌లు వాడేవాళ్లకి

క్యూట్‌లో థ్రెడ్ కూడా అక్కర్లేదు, క్యూప్రాసెస్ ఉంది. రెడీరీడ్‌స్టాండర్డ్‌ఔట్‌పుట్, ఫినిష్డ్, ఎర్రర్‌ఆకర్డ్ సిగ్నల్స్‌కి మీ ఫంక్షన్లు కట్టి స్టార్ట్ పిలవండి. వెయిట్‌ఫర్‌ఫినిష్డ్ పిలిచారా, పాత కథే. ఏమీ ఇవ్వకపోతే అది 30 సెకన్ల దాకా ఆపుతుంది. ఆ ఆబ్జెక్ట్‌ని సెల్ఫ్ మీద దాచుకోండి. ఫంక్షన్ లోపలి వేరియబుల్‌గా వదిలేస్తే ఫంక్షన్ ముగియగానే అది పోతుంది, పోతూ నడుస్తున్న ప్రోగ్రాంని చంపుతుంది.

సీ షార్ప్‌లో డాట్‌నెట్ 5 నుంచి వెయిట్‌ఫర్‌ఎగ్జిట్‌అసింక్ ఉంది, అవెయిట్‌తో వాడండి. దాని మీద డాట్ వెయిట్ పెడితే విండో మళ్లీ ఆగుతుంది. బిగిన్‌ఔట్‌పుట్‌రీడ్‌లైన్ ఇచ్చే లైన్లు వేరే థ్రెడ్ మీద వస్తాయి, కాబట్టి బార్ కదపడం బిగిన్‌ఇన్వోక్ ద్వారానే చేయండి. జావా స్వింగ్‌కి స్వింగ్‌వర్కర్, ప్రాసెస్‌బిల్డర్‌లో రీడైరెక్ట్‌ఎర్రర్‌స్ట్రీమ్ ట్రూ.

పరీక్షించే పద్ధతి

రెండు గంటల పెళ్లి వీడియోతో పరీక్షించకండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ స్థానంలో నాలుగు చిట్టి పైథాన్ ఫైళ్లు పెట్టి చూడండి. సెకనుకొక లైను చెప్పి ముగిసేది ఒకటి. ఏమీ చెప్పకుండా 60 సెకన్లు నిద్రపోయేది ఒకటి. ఆగకుండా లక్ష లైన్లు కక్కేది ఒకటి. మొదలవగానే స్టడ్‌ఎర్ర్ మీద ఒక మాట చెప్పి రిటర్న్ కోడ్ 1తో పోయేది ఒకటి. నాలుగింటిలోనూ విండోని పట్టుకుని అటూ ఇటూ జరపగలగాలి, "ఆపు" పలకాలి, ఇంటూ నొక్కితే టాస్క్ మేనేజర్‌లో ఏదీ మిగలకూడదు. చిట్టి ఫైళ్లకి క్విట్ అక్షరం అర్థం కాదు కాబట్టి, 10 సెకన్ల తర్వాత టెర్మినేట్ అవుతోందో లేదో కూడా ఇక్కడే తేలిపోతుంది.

ఇన్నీ చేశాక కూడా ఎక్కడైనా బిగుసుకుంటే ఊహించకండి. పైథాన్‌తోనే వచ్చే ఫాల్ట్‌హ్యాండ్లర్ మాడ్యూల్‌లో డంప్_ట్రేస్‌బ్యాక్_లేటర్ ఉంది. తెరిచిన లాగ్ ఫైలు ఒకటి దానికిచ్చి, చూసే ఫంక్షన్ నడిచిన ప్రతిసారీ 5 సెకన్లకి మళ్లీ పెట్టండి. మళ్లీ పెడితే పాత గడువు రద్దవుతుంది, కాబట్టి విండో బాగున్నంతసేపూ ఏమీ రాయదు. ఆగి 5 సెకన్లు దాటగానే ప్రతి థ్రెడ్ ఏ ఫైలులో ఏ లైను దగ్గరుందో ఆ లాగ్‌లో రాస్తుంది. మెయిన్ థ్రెడ్ కింద అన్నిటికన్నా పైన ఉన్న లైను చూడండి. వెయిట్, జాయిన్, రీడ్‌లైన్, గెట్, స్లీప్, చాలావరకు వీటిలో ఒకటి కనిపిస్తుంది. కనిపించకపోతే ఆ పది పన్నెండు లైన్లూ, మీ చూసే ఫంక్షనూ ఇక్కడ పెట్టండి.